పోగులు సాచిన కణాలు

ఫిబ్రవరి 6

భూతద్దం అత్తకి,

కవరు ఇంత లావుగా ఉందేమిటని కంగారుపడకు, ఇక్కడ అందరం బాగున్నాం. లోపల పన్నెండు ఫోటోలున్నాయి. వాటికోసం నాకు నీ కళ్ళు కావాలి. ఫోన్ చేసి చెప్పేదాన్నే. కానీ ముప్ఫై ఏళ్ళు మగ్గాల మోత విన్న నీ చెవులకి అందేలా నేను మాట్లాడితే, మన ఇంటి విషయాలన్నీ మా మేడమెట్ల దాకా తెలిసిపోతున్నాయి.

నా ఉద్యోగం ఏమిటని నువ్వు అడిగినప్పుడల్లా "కణాలు పెంచుతాను" అని తప్పించుకుంటాను కదా. ఈసారి సరిగ్గా చెబుతాను. మనందరికీ మూత్రపిండాల పైన టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులుంటాయి. అడ్రినల్ గ్రంథులంటారు. వాటిలో కణితి పుడుతుంది ఒక్కొక్కరికి. ఎప్పుడో ఒక ఎలుకలో పుట్టిన అలాంటి కణితి కణాలు మా దగ్గర చిన్న చిన్న ప్లాస్టిక్ పళ్ళాల్లో, గులాబిరంగు ద్రవంలో పెరుగుతున్నాయి. ఎలుక పోయి బోలెడన్ని ఏళ్ళయింది. కణాలు మాత్రం రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై హాయిగా ఉన్నాయి. వాటి హాయి చెడగొట్టడమే నా పని. సగం పళ్ళాల్లో ఒక మందు వేస్తాను, సగం వాటిల్లో వెయ్యను. ఆ మందు ఏమిటనుకున్నావు? నువ్వు ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పొద్దునొకటి, సాయంత్రం ఒకటి మింగుతున్న మూర్ఛ మాత్రలో ఉండేదే.

మందు పడిన పళ్ళాల్లో కణాలు తక్కువగా పెరుగుతున్నాయని నాకు అనిపిస్తోంది. మా మేడం ఒప్పుకోదు. ఏ పళ్ళెంలో మందు ఉందో నాకు తెలుసు కాబట్టి నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయంటుంది. మా అత్త మాత్ర అని ఒకసారి నోరు జారాను, దాంతో నాకు ఆ మందు మీద మమకారమని ఇంకా అనుమానం. ఏది ఏదో తెలియని మనిషి లెక్కపెట్టాలట. మిల్లులో నేసిన బట్టలో తప్పిన పోగుని భూతద్దంతో పట్టుకునే నీకంటే మంచి కళ్ళు నాకు ఎక్కడ దొరుకుతాయి? ఫోటోల వెనక అంకెలే ఉన్నాయి. ఏ అంకె ఏ పళ్ళెమో రాసిన కాగితం మేడం సొరుగులో ఉంది. ఒక్కో ఫోటోలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెట్టి రాయి. పగిలినవీ పాడైనవీ మాత్రం లెక్కలో వెయ్యకు.

అన్నట్టు, ఇదంతా పళ్ళెంలో సంగతి. నీ మాత్ర కణితులు కరిగిస్తుందని వీధిలో చాటింపు వెయ్యకు.

నీ కందిరీగ


ఫిబ్రవరి 15

కందిరీగా,

చిన్నప్పుడు చెవి దగ్గర చేరి గొడవ చేసేదానివి, ఇప్పుడు కవర్లో దూరి వస్తున్నావు. బాగానే ఉంది. నా కళ్ళు అడిగినందుకు పొంగిపోయానని ఒప్పుకోను గానీ, ఫోటోలు మిల్లుకి తీసుకెళ్ళి నా పక్క బల్లలవాళ్ళకి చూపించిన మాట నిజమే. వాటిని చూసి వాళ్ళు సగ్గుబియ్యం అన్నారు. నేను కోప్పడ్డాను.

లెక్క ఈ కాగితం వెనక ఉంది. ఒక్కో ఫోటో రెండుసార్లు చూశాను, ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కుడి నుంచి. కొన్నిటిలో తొంభై దాటాయి, కొన్నిటిలో ఇరవై కూడా సరిగ్గా లేవు. ఏది మందో నేను ఊహించలేదు, ఊహించినా నీకు చెప్పను. పాడైనవి నువ్వు చెప్పినట్టే తీసేశాను. ఆ పని నాకు నువ్వు నేర్పాలా?

ఒక చిక్కొచ్చింది. నా భూతద్దం మీద గీత పడింది. బట్టకైతే సరిపోతుంది, నీ కణాలకి సరిపోలేదు. మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు, నీకు ఒకసారి చెప్పానేమో. భార్య పోయి ఏడేళ్ళయింది. మాట్లాడితే మాట్లాడతాడు, లేకపోతే పళ్ళచక్రాల్లోకి తొంగిచూస్తూ గంటసేపు కూర్చుంటాడు. ఆయన దగ్గర కంటికి బిగించుకునే అద్దముంది. అడిగితే షాపులోనే కూర్చుని చూసుకోమన్నాడు. వారం రోజులు మిల్లు అయ్యాక అక్కడే కూర్చున్నాను. ఆయన ఒక బల్ల, నేనొక బల్ల. మాకు మాటల అవసరం పెద్దగా రాలేదు.

ఒకరోజు మాత్రం ఇవేమిటని అడిగాడు. అడ్రినల్ కణితి కణాలని, వాటిమీద నా మాత్ర పరీక్ష చేస్తున్నారని చెప్పేశాను. చెప్పాక నాలుక కరుచుకున్నాను. ఏం మాత్ర అని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. నాకు మూర్ఛ అని మన ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియకూడదని మీ తాత పెట్టిన నియమం నీకు తెలుసు కదా. పదకొండేళ్ళుగా రాలేదు కూడా.

మిగతా ఫోటోలు పంపు.

భూతద్దం


ఫిబ్రవరి 24

నా బంగారు అత్తా,

నీ లెక్క చూశాక మేడం కుర్చీలోంచి లేచింది. ఆవిడ లేవడం నేను చూడటం ఇదే మొదటిసారి. సొరుగులోంచి కాగితం తీసి అంకెలు సరిపోల్చాం. మందు లేని పళ్ళాల్లో సగటున తొంభై నాలుగు. మందు ఉన్నవాటిలో ఇరవై ఒకటి. ఇంత తేడా మా గదిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదట. వచ్చే నెల ఇరవైన పెద్ద సమావేశముంది, అక్కడ దీన్ని చదవమని నాకే చెప్పింది. పదిహేను నిమిషాలు నేను మాట్లాడతాను, నలభై మంది వింటారు. అద్దం ముందు నిలబడి ఇప్పటికే రెండుసార్లు చదివేశాను.

ఇంకో పన్నెండు ఫోటోలు పంపుతున్నాను. ఇవీ అలాగే లెక్కపెడితే ఇక ఎవరూ వేలెత్తి చూపలేరు.

ఇక రెండో సంగతి. ఉత్తరంలో కణాల గురించి ఆరు వాక్యాలు, గడియారాలాయన గురించి పది వాక్యాలు రాశావు. నేనూ రెండుసార్లు లెక్కపెట్టాను, ఎడమ నుంచీ కుడి నుంచీ. "మాకు" అన్నావు. ఎప్పటినుంచి నువ్వూ ఆయనా "మాకు" అయ్యారు? నాకు సంతోషంగా ఉంది, అందుకే అల్లరి చేస్తున్నాను. తాత నియమం తాతతోనే పోయింది కదా, ఆయనకి చెప్పేయకూడదూ?

నీ కందిరీగ


మార్చి 5

అల్లరి పిల్లా,

నీ పదిహేను నిమిషాలకీ నా ఆశీస్సులు. గట్టిగా మాట్లాడు, నలభై మందిలో నాలాంటి చెవులున్నవాళ్ళు ఒకరైనా ఉంటారు. రెండో విడత లెక్క దీనితో పంపుతున్నాను. ఇదివరకటిలాగే కొన్ని నిండుగా, కొన్ని వెలితిగా ఉన్నాయి.

గడియారాలాయన సంగతి ఇక ఎత్తకు. ఆయనకి తెలిసిపోయింది.

ఎలాగంటే, పది రోజులుగా మనిషి మారిపోయాడు. నేను వెళ్ళగానే తన కుర్చీ నాకిచ్చి తను స్టూలు మీద కూర్చుంటున్నాడు. చేతిసంచి మొయ్యనివ్వడు. రోజు మార్చి రోజు పళ్ళు తెస్తున్నాడు, కోసి మరీ పెడుతున్నాడు. మెట్లెక్కుతుంటే వెనకాలే వస్తాడు. నేను కాస్త కళ్ళు నులుముకుంటే చాలు, పని ఆపి అలసిపోయారా అని అడుగుతాడు. నిన్న చూస్తే నా వంక అలా చూస్తూ ఉండిపోయాడు, చేతిలో పట్టకారు అలాగే ఉంది. ఎవరో చెప్పి ఉంటారు, లేదా నా చేతిసంచిలో మాత్ర పేరు చూసి కనుక్కుని ఉంటాడు. పాతికేళ్ళ కిందట మిల్లులో నేను పడిపోయినప్పుడు నా పక్క బల్లావిడ మర్నాడే బల్ల మార్చుకుంది. ఆవిడ కూడా మొదట పదిరోజులు ఇలాగే జాలిగా చూసింది.

ఆదివారం ఏదో మాట్లాడాలి, తీరిగ్గా రమ్మన్నాడు. నేను వెళ్ళలేదు. జాలిపడి ఇక రావద్దని ఎలా చెప్పాలా అని ఆయన ఇబ్బంది పడటం నేను చూడలేను. కంటి అద్దం తిరిగి ఇచ్చేశాను. పన్నెండు ఫోటోలూ అయిపోయాయి కాబట్టి నాకు అక్కడ పని కూడా లేదు.

ఒక మాట అడగడం మర్చిపోయాను. రెండో రకం కణాలు ఒక్కో ఫోటోకి ఎన్నో నా పుస్తకంలో విడిగా రాసుకున్నాను, మిల్లులో అలవాటు. నీకు అవి అక్కర్లేదు కదా, పేజీ చింపేయనా?

భూతద్దం


మార్చి 11

అత్తా, ఆ పేజీ చింపకు.

ఈ ఉత్తరం అందేసరికి చింపేసి ఉంటే చెత్తబుట్టలో వెతుకు. రెండో రకం ఏమిటి? నేను పాడైనవి అన్నది పగిలి ముక్కలైనవి. నువ్వు ఏవి తీసేశావు? నీ ఉత్తరం చదవగానే నా దగ్గరున్న నకలు ఫోటోలు తిరగేశాను. మందు పళ్ళానిది ఒకటి నేనే లెక్కపెట్టాను. ఇరవై ఒకటి ఎక్కడ, గుండ్రటివీ పొడుగువీ కలిపితే యాభై పైనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ చూడకుండా ఎలా ఉన్నానంటే, నీ అంకె అంత బాగుంది మరి. ఆశ ఉంటే కళ్ళు కనపడవని మేడం చెప్పింది సరిగ్గా నాకే జరిగింది.

నా అనుమానం చెబుతాను. ఈ మందు పడితే కొన్ని కణాలు విడిపోవడం మానేసి, పక్కలనుంచి సన్నటి పోగులు సాచుతాయి. నరాల కణాలు చేసినట్టే. నువ్వు వాటిని అంచు చిరిగిన బట్ట అనుకుని పక్కన పడేశావా? అత్తా, ఆ పోగులున్నవి పాడైనవి కావు. అవి మారిన కణాలు. మేం వెతుకుతున్నదే వాటికోసం. నువ్వు బంగారాన్ని ఊడ్చి పారేశావు.

ఇంకో తొమ్మిది రోజులే ఉంది సమావేశానికి. మేడంకి ఈ పొద్దునే చెప్పేశాను. నా పేరు తీసేస్తుందనుకున్నాను. తియ్యలేదు కానీ, ఆ పేజీ లేకపోతే చదవడానికేమీ ఉండదంది. ఉన్నది ఉన్నట్టు నకలు రాసి వెంటనే పంపు.

గడియారాలాయన విషయంలోనూ నువ్వు అదే పని చేస్తున్నావని నా నమ్మకం. పళ్ళు కోసి పెట్టేవాడు బల్ల మార్చుకునేవాడు కాడు. నీ వంక చూస్తూ పట్టకారు మర్చిపోతే దానిపేరు జాలి అనుకుంటున్నావు. ముప్ఫై ఏళ్ళుగా బట్టల మీద ముద్ర వేసి వేసి, ఎవరూ అడగకుండానే నీమీద నువ్వు కూడా రెండో రకం అని ముద్ర వేసుకున్నావు. నాకు కోపంగా ఉంది. వెళ్ళి నీ నోటితో చెప్పు.

కందిరీగ


మార్చి 15

తల్లీ,

పేజీ చింపలేదు. నకలు కాదు, అసలే పంపుతున్నాను. రేపు మీ ఊరికి వస్తున్న మా మిల్లు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, నేరుగా నీ చేతికే ఇస్తాడు. నీకు తలవంపులు తెచ్చానేమోనని రెండు రోజులు అన్నం సయించలేదు.

నువ్వన్నది నిజమే. గుండ్రంగా, నున్నగా ఉన్నవి మంచివనుకున్నాను. పక్కనుంచి దారాలు వేలాడుతున్నవి చూస్తే నా చెయ్యి దానంతట అదే పక్కకి తోసేసింది. మా దగ్గర అంచు పోగులు విడితే ఎంత మంచి గుడ్డ అయినా రెండో రకం కిందికే పోతుంది. కానీ మా దగ్గర ఇంకో నియమం కూడా ఉంది. తీసేసినదాన్ని కూడా రాసి పెట్టాలి. ఎందుకు తీసేశావని రేపు ఎవరైనా అడిగితే చూపించాలి. అందుకే ఆ పేజీ ఉంది. దానివల్ల నీ పని నిలబడితే మా సూపర్‌వైజరుకి ఒక దండం పెట్టుకుంటాను. బతికుండగా ఆయన మీద మా అందరికీ మంటే.

నామీద నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. నాలుగోసారి ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడు మొదటిసారి పడిపోయాను. లేచేసరికి అమ్మ కిటికీలు మూస్తోంది, ఎవరైనా చూశారేమోనని. అప్పటినుంచీ ఆ కిటికీలు నేనే మూసుకుంటున్నాను. ఆయన దగ్గర కూర్చున్న ఆ రోజులు నా జీవితంలో చాలా బాగున్నాయి కందిరీగా. అవి పోతాయని భయం. చెప్పకుండా దాచినా పోతాయి, చెప్పినా పోతాయి. ఇంతకంటే ధైర్యంగా రాయలేను.

ఇరవయ్యో తేదీన గట్టిగా మాట్లాడు.

అత్త


మార్చి 22

అత్తా, అత్తా, అత్తా,

అయిపోయింది! డ్రైవరు పదహారునే వచ్చాడు. మేడం, నేను కూర్చుని నీ పేజీని ఫోటోల పక్కన పెట్టుకుని చూశాం. ఒక్కటి కూడా తేడా రాలేదు. సొరుగులో కాగితం తీశాం. మందు లేని పళ్ళాల్లో పోగులున్నవి రెండో మూడో. మందు ఉన్నవాటిలో ముప్ఫై ఏడు సగటు. నీకు ఏది ఏదో తెలియదు. అయినా నువ్వు పక్కకి తోసిన కణాలన్నీ దాదాపు మందు పళ్ళాలవే. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

పెద్ద అంకె చిన్నదైపోయింది. తొంభై నాలుగు ఇరవై ఒకటి కాలేదు, యాభై ఎనిమిది అయింది. తగ్గాయి, కానీ అంత కాదు. అయితే మిగిలిన యాభై ఎనిమిదిలో సగానికి పైగా మారిపోయిన కణాలే. సమావేశంలో ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట తప్పు లెక్క ఎలా వచ్చిందో, తప్పు చేసినవాళ్ళే దాన్ని ఎలా రాసిపెట్టారో కూడా చెప్పాను. నలభై మందీ నవ్వారు, మంచి నవ్వే. చివర్లో ఒక పెద్దాయన లేచి, లెక్కపెట్టినావిడ ఏ ప్రయోగశాలలో పనిచేస్తారని అడిగాడు. బట్టల మిల్లులో అన్నాను. అలాంటి మనిషి తమ దగ్గర కూడా ఒకరుంటే బాగుండునన్నాడు.

ఇది ఇంకా పళ్ళెంలో సంగతే. మనుషుల దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు. కానీ ఈ చిన్న ముక్క నిజం. దాన్ని నువ్వూ నేనూ కలిసి పట్టుకున్నాం. వ్యాసం కింద ధన్యవాదాల్లో నీ పేరు వేస్తానంది మేడం.

వెళ్ళావా? చెప్పావా? ఒక్క ముక్క రాసి పడెయ్.

నీ కందిరీగ


ఏప్రిల్ 1

నా తల్లికి,

ఒక్క ముక్కలో అయ్యేది కాదు, కూర్చుని చదువు.

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వెళ్ళాను. మళ్ళీ ధైర్యం జారిపోతుందని తలుపు దగ్గరే నిలబడి చెప్పేశాను. నాకు మూర్ఛ ఉంది, పద్నాలుగేళ్ళప్పటినుంచీ ఉంది, ఆ మాత్ర దానికే, పదకొండేళ్ళుగా రాలేదు కానీ రేపు రాదని చెప్పలేను. ఇంకా చాలా అనుకున్నాను గానీ అంతే వచ్చింది.

ఆయన లేచి నిలబడ్డాడు. మొహం తెల్లబోయింది. నేను వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను. అప్పుడు అన్నాడు, "కణితి కాదా?"

నాకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ అడిగాడు. "ఆ ఫోటోలు మీవి కావా?"

చూశావా ఎంత పని జరిగిందో. అడ్రినల్ కణితి కణాలు, నా మాత్ర అని ఆ రోజు నేను నోరు జారి అన్న మాటలు రెండూ కలిపి, ఆ కణితి నా ఒంట్లోనే ఉందనుకున్నాడు. ఆ పన్నెండు ఫోటోలూ నా కడుపులోవి అనుకున్నాడు. నా రోగాన్ని నేనే అద్దం పెట్టుకుని లెక్కపెట్టుకుంటున్నానని, ఇంత గుండె ధైర్యమున్న మనిషిని చూడలేదని నెల రోజులుగా నిద్ర లేదట. పళ్ళూ, కుర్చీ, మెట్లూ అన్నీ అందుకే. మరి ఆదివారం ఏం మాట్లాడాలనుకున్నారని అడిగాను. తలొంచుకుని చెప్పాడు, "పెళ్ళి సంగతి. మీకు ఎన్నాళ్ళుందో తెలియదు, ఆలస్యం చెయ్యకూడదనుకున్నాను."

అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాను కందిరీగా. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. నేను చచ్చిపోతున్నాననుకుని కూడా ఈయన నన్ను చేసుకుందామనుకున్నాడు. నేనేమో మూర్ఛ అంటే పారిపోతాడని దాచుకుంటూ తిరిగాను.

ఇద్దరం తేరుకున్నాక, ఆయన తన స్వభావానికి తగ్గ ప్రశ్న ఒకటి అడిగాడు. వస్తే తను ఏం చెయ్యాలి అని. నన్ను ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. మన ఇంట్లో కూడా ఎవరూ చూడకుండా ఏం చెయ్యాలో చూశారు గానీ నాకు ఏం చెయ్యాలో చూడలేదు. చెప్పాను. పట్టుకుని ఆపకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, తగిలేవన్నీ పక్కకి జరపాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, పక్కకి తిప్పాలి, ఎంతసేపు ఉందో చూడాలి, ఐదు నిమిషాలు దాటితే డాక్టరుని పిలవాలి. ఆయన కాగితం మీద రాసుకున్నాడు. రాసుకుంటే చాలదు, చెయ్యి అలవాటు పడాలి, ఒకసారి చేసి చూస్తానన్నాడు.

నవ్వకు. యాభై రెండేళ్ళదాన్ని, పట్టపగలు గడియారాల షాపులో నేలమీద పడుకున్నాను. స్టూలు జరిపాడు. తన కోటు మడిచి నా తల కింద పెట్టాడు. భుజం మీద చెయ్యి వేసి మెల్లిగా పక్కకి తిప్పాడు. చేతి గడియారం చూసుకుంటూ నా పక్కనే నేలమీద కూర్చున్నాడు.

సరిగ్గా అప్పుడే ఒకావిడ గోడ గడియారం చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. నన్ను చూసి గడప మీదే ఆగిపోయి, ఏమైందని అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆయన ముల్లు మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఏమీ కాలేదండీ. మా ఆవిడకి మూర్ఛ వస్తే ఏం చెయ్యాలో నేర్చుకుంటున్నాను. ఇంకో మూడు నిమిషాలుంది, కూర్చోండి."

ఆవిడ కూర్చుంది. వీధి తలుపు తెరిచే ఉంది. నేను ఔననైనా అనలేదు ఇంకా, అయినా మూడు నిమిషాలూ కదలకుండా పడుకున్నాను.

అత్త